నేరేడు రంగు గ్లాసు

జమున చేతిలోని గ్లాసు తన తండ్రికి అందేలోపే ప్రశాంత్ లాక్కుని వాకిట్లో వానలోకి పారబోశాడు.

“డాక్టరు ఏం చెప్పిండో తెల్వదా నీకు? ఇంకో చుక్క లోపలికి పోతే మనిషి దక్కడన్నడు! బార్ల పని చేసేటోళ్లకు ప్రతి ఇల్లు బారే అనిపిస్తదా?”

జమున ముఖం ఎర్రబడింది. పక్క క్వార్టర్ మొగిలి కూతురు ఆమె. హైదరాబాద్‌లో ఓ పెద్ద హోటల్లో కాక్‌టెయిళ్లు కలిపే ఉద్యోగం. తండ్రి రిటైర్మెంట్ దావత్ కోసం సెలవు పెట్టి బొగ్గుగని కార్మికులుండే సెంటినరీ కాలనీకి వచ్చింది. చిన్నప్పుడు ప్రశాంత్‌తో ఒకే బస్సులో బడికి వెళ్లిన పిల్లే. ఇప్పుడామె ఎదురుపడితే అతనికి నోట మాట రాదు. ఇవాళ మాత్రం కోపంలో గడగడా వచ్చేసింది.

“అడుగున కొంచెం మిగిలింది. తాగి చూడు. తర్వాత తిట్టు,” అంది జమున.

తాగాడు. రంగు విస్కీదే. పొగ వాసన కూడా ఉంది. గొంతు దిగాక మంట. కానీ అది అల్లం మంట!

“చాయ్ డికాక్షన్, మాడగొట్టిన చక్కెర, అల్లం, మిరియాలు. మామిడి చెక్క కాల్చి పొగ పట్టిచ్చిన. మందు చుక్క లేదు.”

తండ్రి గట్టయ్య తల దించుకున్నాడు. “నేనే అడిగిన బిడ్డను. మొగిలి బావ దావత్‌ల ఉత్త చేతులతోని ఎట్ల కూసుంట?”

గట్టయ్య, మొగిలి బాయిలో ఒకే షిఫ్టులో బొగ్గు తీసినవాళ్లు. మందు మానేశాక గట్టయ్య ఏ దావత్‌కూ వెళ్లడం లేదు. వెళ్తే ఒక్క పెగ్గేగా అని అందరూ మీద పడతారు. లివర్ పాడైందని చెప్పుకోవడం ఆయనకు నామోషీ. నలుగురిలో నవ్వుతూ తిరిగిన మనిషి పొద్దస్తమానం టీవీ ముందు కూర్చుంటున్నాడు. అది చూడలేకే జమున ఈ ఉపాయం పన్నింది.

ప్రశాంత్ గొంతు తగ్గించాడు. “తప్పైంది. కానీ ఒక్క మాట. ఇయ్యాల చాయే. రేపు గీ రుచికి అసలుది యాదికొస్తే?”

జమున గట్టయ్య వైపు తిరిగింది. “మామా, నిజం చెప్పు. తాగాలనిపిచ్చిందా?”

“వాసనకే నోట్లె నీళ్లూరినయి బిడ్డా.”

జమున గ్లాసు తీసుకెళ్లి కడిగేసింది. “గట్లయితే విస్కీకి నకలు వద్దు. ఇంకేదన్న చేద్దాం. నువ్వు కూడ రా ప్రశాంత్, రుచి చూసుడు నీ డ్యూటీ.”

మర్నాటి నుంచి బాయిలో తన షిఫ్టు దిగడం, స్నానం చేయడం, జమున వాళ్ల వంటింట్లో వాలడం. ప్రశాంత్ గడియారం అలా నడిచింది.

“అసలు విస్కీల ఏముంటది?”

“బార్లీ గింజలు మొలకెత్తిచ్చి, పులియబెట్టి, మరిగిచ్చి ఆవిరి పడతరు. ఓక్ చెక్క పీపాలల్ల ఏండ్లకేండ్లు మాగవెడతరు. మంచిదాని రంగంత ఆ చెక్కదే. చెరుకు మడ్డితోని చేస్తే రమ్ము.”

“మల్ల కాక్‌టెయిల్ అని కలుపుడెందుకు?”

“తీపి ఎక్కువైతే పులుపుతోని పట్టాలె. పులుపెక్కువైతే జర ఉప్పు. ఏ ఒక్కటీ పక్కదాన్ని తొక్కద్దు.”

“నువ్వు మాత్రం నన్ను తొక్కుతనే ఉన్నవ్.”

“నీకు పులుపెక్కువ. అవసరమే.”

మొదటిది దగ్గు మందులా ఉందన్నాడు. రెండోదానికి మొహం చిట్లించాడు. చివరకు నేరేడు రసం, నిమ్మ, అల్లం, పుదీనా, నల్ల ఉప్పు, పైన సోడా. “గుటక వెయ్యకు, నాలుక మీద ఆపు,” అంది జమున. ఆపాడు. చల్లగా దిగింది. “మస్తుంది,” అన్నాడు, గ్లాసు వైపు చూడకుండానే.

“ఆ రోజు బారని అన్న మాట...” అని నసిగాడు.

“మర్చిపోలే. ఎవరన్న అంటే పట్టించుకోకపోదును. నువ్వు అన్నవని బాధైంది.”

“నేనంటేనే ఎందుకు?”

జమున గ్లాసులో చెంచా గబగబా తిప్పింది.

దావత్ రోజు షామియానా కింద మటన్ ఘుమఘుమలు, పైన వాన చప్పుడు. గట్టయ్య ఊదారంగు గ్లాసు పట్టుకుని వచ్చాడు.

“గిదేందిరా గట్టన్నా, చిన్నపోరల షర్బతా?” వాళ్ల షిఫ్టులో అందరికంటే నోరున్న సదయ్య గట్టిగా అరిచాడు. అందరూ నవ్వారు. “పట్టు, ఒక్క పెగ్గు! కాదంటే మొగిలి మీద ఒట్టే!”

ప్రశాంత్ దిగ్గున లేచాడు. జమున అతని చెయ్యి పట్టి ఆపింది. “మామనే చెప్పనియ్యి.”

గట్టయ్య గొంతు సవరించుకున్నాడు. “లివర్ ఖరాబైంది సదయ్యా. తాగితే సస్త. తాగకుంటే మీల కలుపుకోరేమోనని ఇన్నొద్దులు ఇంట్ల దాక్కున్న. ఇగ నాతోని కాదు. నాకు మీ పక్కన కూసోవాలె.”

సదయ్య తన చేతిలోని పెగ్గును దూరంగా ఇంకో బల్ల మీద పెట్టి, తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు.

“నువ్వు రాక పత్తాలు పంచినా ఆట సప్పగైంది గదరా! జరుగు.” గట్టయ్య పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. “బిడ్డా, నాకు షుగరుంది. తీపి తక్కువేసి నాకూ గదే పొయ్యి!”

మొగిలి మెడలో దండతోనే వచ్చి గట్టయ్యకు రెండో పక్కన కూర్చున్నాడు. మరో నలుగురు గ్లాసులు చాచారు. గట్టయ్య ఏదో అని తనే పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ఎన్నాళ్లకు విన్నాడో! ప్రశాంత్‌కు కళ్లు చెమర్చాయి. ఎవరూ చూడకుండా షామియానా వెనక్కి వెళ్లాడు. అక్కడ జమున నిమ్మకాయలు పిండుతోంది.

“ఐస్ తెచ్చినవా?”

“లేదు. నువ్వు ఎల్లుండి పోతున్నవట.”

“డ్యూటీ ఉంది మరి.”

“పో. కానీ మల్ల రా. అట్ల కాదు... జమునా, నువ్వంటే నాకిష్టం. మా బాపుకు మంచి చేసినవని కాదు. అంతకుముందు నుంచే.”

ఆమె నిమ్మకాయ పక్కన పెట్టి, దగ్గరికొచ్చి, అనుమానంగా చూసింది. “ఏమన్న తాగినవా?”

“చుక్క తాగలే. అందుకే గింత భయమైతుంది.”

జమున పకపకా నవ్వింది. నిమ్మరసం అంటిన చేత్తోనే అతని చెయ్యి పట్టుకుంది.

“నేను కూడ తాగలే,” అంది. “నాక్కూడ నువ్వంటే ఇష్టమే.”