గైడా పెట్టెలో దిండు

స్మోల్యాన్ ఊళ్ళో ప్రైవేటు డిటెక్టివ్‌గా బతకడం అంత సులువు కాదు. ఎవరింట్లో ఏం వండారో కొండ అవతలివాళ్ళకి కూడా తెలిసిపోయే చోట ఇక రహస్యాలెక్కడివి? అయినా ఆ శుక్రవారం పొద్దున్నే క్రెమెనా వాకరేవా ఆఫీసు తలుపు దబదబా మోగింది. వచ్చినామె డాక్టర్ రాలిత్సా, ఆస్పత్రిలో ఊపిరితిత్తుల వార్డు చూస్తుంది. పాలిపోయిన ముఖంతో, ఒక దిండును గుండెకు హత్తుకుని నిలబడింది.

“మేడం, దొంగతనం జరిగింది!”

“దిండా?” అన్నాడు స్పాస్. స్కూలు బస్సు నడిపి రిటైరైన స్పాస్ ఇప్పుడు క్రెమెనా సహాయకుడు. ఆమె తుమ్మినా అందులో ఏదో తెలివి ఉందనుకునే రకం.

“కాదండీ, గైడా! దాని పెట్టెలో ఈ దిండు కుక్కి, గైడా ఎత్తుకుపోయారు.”

కూర్చోబెట్టి కాఫీ ఇస్తే విషయం బయటికొచ్చింది. తోలుతిత్తిలోకి గాలి ఊది గైడా వాయించే మానోల్ తాత రెండేళ్ళుగా దగ్గి దగ్గి సగమయ్యాడు. కారణం ఎవరికీ అంతు చిక్కలేదు. రాలిత్సా ఒక్కతే అతని వాద్యం గురించి అడిగింది. ఆ మేకతోలు తిత్తి లోపల బూజు పట్టి ఉంది. ఊదినప్పుడల్లా తాత దాన్నే పీలుస్తున్నాడు. ఆమె గైడాను వార్డు బీరువాలో పెట్టించి, వాయించొద్దని కట్టడి చేసింది. తాత కోలుకున్నాడు. వేసవిలో మందులు కూడా ఆపేసింది. ఆ కథంతా కేస్ రిపోర్టుగా రాసి వైద్యపత్రికకు పంపింది.

“పత్రిక పరిశీలకుడు మెలిక పెట్టాడు మేడం. జబ్బు బూజువల్ల వచ్చిందా, ఊదే శ్రమవల్ల వచ్చిందా, ఎలా చెప్పగలరన్నాడు. తిత్తి లోపలి ఫొటో కూడా అడిగాడు. తీద్దామని ఇప్పుడు పెట్టె తెరిస్తే ఈ దిండు! ఈ సాయంత్రంలోగా జవాబు పంపకపోతే ఫైలు మూసేస్తారు. ఇది నా మొదటి రిపోర్టు!”

క్రెమెనా దిండు కుట్టు మధ్య వేలు పెట్టి ఒక ఎండుటాకు లాగింది. అక్రోటు ఆకు. ఉన్నికి పురుగు పట్టకుండా పెట్టేది.

“మీమీద ఎవరికైనా కడుపుమంట ఉందా?”

“ప్రొఫెసర్ బొజిలోవ్ తన పేరు ముందు వేయమన్నారు. నేను ఒప్పుకోలేదు.”

“దొరికాడు దొంగ!” అని లేచాడు స్పాస్.

“కూర్చోవయ్యా. డాక్టరమ్మా, రిపోర్టు తాతకి చదివి వినిపించారా?”

“తప్పదుగా, రోగి ఒప్పుకోనిదే పత్రిక తీసుకోదు. తాతకీ, ఆయన భార్య జ్లాతా మామ్మకీ చదివాను. తాత మురిసిపోయాడు. మామ్మ మాత్రం కాఫీ ముట్టలేదు. ఇది ఎవరెవరు చదువుతారంది. ప్రపంచమంతా అన్నాను.”

క్రెమెనా చిన్నగా నవ్వుకుంది.

ఆస్పత్రిలో ప్రొఫెసర్ బొజిలోవ్ చిందులు తొక్కాడు. “పేరు ముందుండాలన్న మాట నిజమే. అంతమాత్రాన గైడా దొంగనా? నేను పాడితే మా కుక్క కూడా ఇల్లు వదిలి పోతుంది!”

“బీరువాకి తాళం ఉందా?” అని అతన్నే అడిగింది క్రెమెనా.

“గడియే. అయినా వార్డులో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. మామ్మ జున్ను పెట్టి కాల్చిన బానిత్సా తెచ్చిన రోజు తప్ప. ఆ రోజు అందరూ వంటగదిలోనే.”

మధ్యాహ్నం క్రెమెనా పిలిపిస్తే తాత, మామ్మ ఆస్పత్రికి వచ్చారు. లిఫ్టు చెడిపోయింది. మూడంతస్తులూ తాత కబుర్లు చెబుతూనే ఎక్కేశాడు. ఒంటిమీద చేతుల్లేని ఉన్ని స్వెట్టరు.

“బాగుంది తాతా. ఎప్పటిది?”

“ఆస్పత్రి నుంచి ఇంటికెళ్ళాక మా ముసల్ది అల్లింది.”

క్రెమెనా అందరినీ బల్లచుట్టూ కూర్చోబెట్టింది.

“కొత్త స్వెట్టరు ఎడమ చంక కింద మాత్రమే అరిగింది, చూశారా? గైడా తిత్తిని నొక్కేది అక్కడే. అంటే తాత వాయిస్తున్నాడు.”

తాత తెల్లబోయాడు. “డాక్టరమ్మే పంపిందిగా! వాయించుకో, ఎవరికీ చెప్పకు అందని మా ముసల్దే చెప్పింది.”

“ఆ దిండులో పురుగుమందుగా అక్రోటు ఆకు పెట్టింది పొదుపైన ఇల్లాలే. అందరూ బానిత్సా తింటుంటే బీరువా తెరవగలిగింది, అది వండి తెచ్చిన మనిషి ఒక్కతే,” అంది క్రెమెనా.

అందరి చూపులూ మామ్మ మీదికి తిరిగాయి. మామ్మ తలదించలేదు సరికదా, నడుం మీద చేయి వేసింది.

“అవును, నేనే! నా ఇంట్లో ఏనాడైనా ఎవరైనా దుమ్ము చూశారా? అలాంటిది నా మొగుడి గైడా నిండా కుళ్ళని ప్రపంచమంతా చదవాలా? పేరు వేయరట! ఈ లోయలో దగ్గే గైడావాడు ఇంకెవడున్నాడు? ఫొటో తీసుకోండి, కాదనను. కడిగాక తీసుకోండి! తిత్తి తిరగేసి మా ప్లం సారాతో మూడుసార్లు కడిగాను.”

“సాక్ష్యం మొత్తం కడిగేశావా మామ్మా!” రాలిత్సా తల పట్టుకుంది.

“కడగలేదు, తయారు చేసింది,” అంది క్రెమెనా. “తాతా, ఎప్పటినుంచి వాయిస్తున్నావు?”

“వేసవి పోయాక, బంగాళదుంపలు తవ్వినప్పటినుంచి. రోజూ.”

“దగ్గు?”

“ఒక్కసారి. మా ముసల్ది కూరలో కారం దంచి పోసినప్పుడు.”

“విన్నారా డాక్టరమ్మా? అదే మనిషి, అదే గైడా, అదే ఊదడం. మందుల్లేవు. పోయింది బూజొక్కటే. మీ పరిశీలకుడు అడిగింది ఇదేగా?”

రాలిత్సా ఒక్క గంతులో లేచి స్టెతస్కోపు తాత ఛాతీకి ఆనించింది. ఊపిరి కొండవాగులా తేటగా వినిపించింది. ఆమె మామ్మను వాటేసుకుని ఏడ్చేసింది. సంతోషం పట్టలేని ఏడుపు. ప్రొఫెసర్ గొంతు సవరించుకుని, “పేరు ముందు నీదే ఉండనీ అమ్మాయ్,” అన్నాడు. జవాబు, మెరిసిపోతున్న తిత్తి ఫొటోతో సహా, సాయంత్రంలోపే వెళ్ళిపోయింది.

తర్వాతి వారం రిపోర్టు అంగీకరించినట్టు ఉత్తరం వచ్చింది. పరిశీలకుడు ఒక్క చిన్న సందేహం మిగిల్చాడు: కడగడానికి వాడిన ద్రవం గాఢత ఎంత?

“మానోల్ కళ్ళలో నీళ్ళు తిరిగేంత,” అంది మామ్మ.

“సైన్సుకి అది చాలదు. కొలవాలి,” అని స్పాస్ అప్పటికే గ్లాసు చాచాడు.

తాత గైడా ఎడమ చంకలో సర్దుకుని, గుండె నిండా ఊపిరి పీల్చి, వాయించడం మొదలుపెట్టాడు.