కురుచికుప్పంలో తాళమేసిన ఇల్లు

పుదుచ్చేరి కురుచికుప్పంలో ఆ ఇంటి ముందర పొద్దుగుంకినాక ఎవరూ నిలబడరంట. తలుపుకేమో తుప్పుపట్టిన తాళం... లోపలేమో దీపం! ఒక్కోనాడు దగ్గు కూడా వినపడతాదని చెప్పుకుంటారు.

బజారులో జవుళి అంగడి పట్టాభిరామన్‌కు దెయ్యాలంటే భయం లేదు. దెయ్యముండే ఇల్లు చవగ్గా వస్తాదంటే ప్రేమ కూడాను. అంగడి పెట్టుబడంతా ఊడ్చి కొనేసినాడు. మహా జాగ్రత్తపరుడు మరి! ఇంటి మీద అప్పూ తాకట్టూ లేవని చెప్పే విల్లంగం కాగితం తీయించి, లాయరు చేత అక్షరమక్షరం చదివించినాడు. ఇంటిని మాత్రం వీధి కిటికీలోంచి తొంగిచూసి సరిపెట్టుకున్నాడు. వెనకాల చేపలోళ్ళ సందు... ఆ నీచువాసనకు అంతటి ఆచారవంతుడు పోతాడా?

తెల్లారితే టూరిస్టులకు గదులిచ్చే కంపెనీవాళ్ళు ఇల్లు చూడను వస్తారు. వాళ్ళు వద్దంటే అంగడి మూసుకోవాల్సిందే. అందుకే ఆ సాయంత్రం ఇల్లు చిమ్మిద్దామని, పాత ఓనరిచ్చిన తాళంచెవితో తలుపు తీసినాడు.

లోపల అడుగుపెట్టినాడో లేదో... కరెంటు పోయింది.

ఎవరో దగ్గినారు.

ఆంజనేయ దండకం ఎత్తుకుందామంటే మొదటి ముక్కే గుర్తు రాలేదు. వంటింట్లో ఒక వెలుగు — కదిలింది. తెల్లచీర... చేతిలో దీపం... ఇటే వస్తా ఉంది.

"ఎవరు... నువ్వు?" అన్నాడు.

"పంకజం," అనింది ఆ ముసలామె గుసగుసగా. "లీజుకుండాను."

పై ప్రాణాలు పైనే పోయినాయంటే అప్పుడు పోయినాయి! లీజంటే మన పుదుచ్చేరిలో తెలిసిందే కదా, నెల బాడుగ ఉండదు. ఒకేసారి పెద్ద మొత్తం కట్టి కాపురముంటారు, అది తిరిగి చేతిలో పడేదాకా కదలరు. పాత ఓనరు ఆమె దగ్గర మొత్తం తీసుకొని, లీజు రిజిస్టరు చేయకుండా ఎగ్గొట్టి, ముందు తలుపుకు తాళమేసుకొని పోయినాడు. రిజిస్టరు కానిది విల్లంగంలో యాడ కనపడతాది? ఆమె రాకపోకలన్నీ వెనక సందులోనే. అక్కడ ఎవర్నడిగినా చెప్పుండేవాళ్ళు.

దెయ్యమైతే మంత్రగాడొచ్చి వదిలిస్తాడు. ఈమెకైతే ఇల్లు కొన్నోడే ఆ మొత్తం తిరిగి ఇయ్యాల్సిందే, పట్టాభిరామన్ దగ్గర చిల్లిగవ్వ లేదు.

పంకజం దీపం పైకెత్తి ఆయన మొగంలోకి చూసింది.

"కొత్త ఓనరు మీరేనా నాయనా? దేవుడిలాగా వచ్చినారు. వానొస్తే వంటిల్లంతా కారతా ఉంది... పొద్దున్నే మేస్త్రీని పంపించండి."