వయసుపూత

ఆ పొద్దున రేవులోని కావలిగోపురం అన్ని పడవలకూ వేటకెళ్లే అనుమతి ఇచ్చింది, ధనరాజు పడవకు తప్ప. అతను ఇంజన్ తాడు లాగీ లాగీ అలిసిపోయాడు. ఇంజన్ మూత మీదున్న చిన్న పెట్టె మాత్రం మర్యాదగా చెప్పిందే చెబుతోంది: "మీ కార్బురేటర్ వయసు తీరింది. కొత్తది వచ్చేవరకు దయచేసి వేచి ఉండండి."

ఆ మర్యాదకు ఊళ్లో అందరూ అలవాటు పడిపోయారు. వయసుపూత వెంట్రుక కన్నా పల్చని పొర. కుక్కర్ మొదలుకొని పడవ ఇంజన్ దాకా, తయారయ్యే ప్రతి వస్తువుకూ దాన్ని పూసి పంపుతారు. ఆ వస్తువు ఎక్కడుందో, ఎలా పనిచేస్తోందో అది గోపురానికి చెబుతూ ఉంటుంది. వయసు తీరిందనుకుంటే పని ఆపించేస్తుంది. అది వచ్చాక నడిసముద్రంలో ఇంజన్ ఆగిపోయి ఎవరూ చనిపోలేదు. అందుకే దానికి ఎవరూ ఎదురు చెప్పలేదు.

ధనరాజు భార్య నూకరత్నం ఇంజన్ల మెకానిక్. కార్బురేటర్ విప్పి వెలుగుకు పట్టి చూసింది.

"ఇది అరగలేదు. ఇంజన్లో పోసే నాచునూనె జిగురు కట్టి సన్న కంతలు మూసుకుపోయాయి. దాన్నే ముసలితనం అనుకుంటోంది ఈ పూత."

ఆమె పాకలో ఒక అతిధ్వని తొట్టి ఉంది. కళ్లద్దాల దుకాణం వాళ్లు వద్దనుకుంటే తెచ్చుకుంది. రబ్బరు వాషర్లు, లోపలి తేలుడు బుడ్డి తీసి పక్కన పెట్టి, మిగిలిన ముక్కల్ని తీగబుట్టలో సర్ది, గోరువెచ్చటి సబ్బునీళ్లలోకి దించింది. మీట నొక్కగానే నీళ్లు సన్నగా వణికాయి. చెవికందని ధ్వని నీళ్లలో లెక్కలేనన్ని బుడగల్ని పుట్టించి పగలగొడుతుంది. బ్రష్షు దూరని చోట బుడగ దూరుతుంది. కంతల్లోంచి మురికి నల్లటి పొగలా బయటికొచ్చింది. దాని వెనకే వెండి పొట్టులాంటిది పైకి తేలింది. జిగురుతో పాటు పూత కూడా ఊడిపోతుందని ఆమెకు తెలుసు. తెలిసే మీట నొక్కింది.

గోపురం అధికారి సంహిత పరుగులాంటి నడకతో వచ్చింది. చిన్న వయసు, మంచి మనిషి.

"నూకరత్నం గారూ, పడవ జాడ మాకు చెప్పేది ఈ కార్బురేటర్ పూతే. అది పోతే మీ పడవ మా తెర మీద కనిపించదు. ఏదైనా జరిగితే రక్షణ విమానం రాదు."

"రాకపోతే పోనీ మేడమ్. బాగున్న సామాను చెత్తలో పడెయ్యమంటే నాకు చేతులు రావు."

కడిగి, ఆరబెట్టి, కంతల్లోకి గాలి ఊది బిగించింది. ధనరాజు తాడు ఒక్కసారి లాగాడు. ఇంజన్ పలికింది. అతను నవ్వుకుంటూ అలలు దాటి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి ఈదురుగాలి లేచింది. గోపురం పడవలన్నిటినీ హెచ్చరించి ఒడ్డుకు రప్పించి, పూత ద్వారానే ఇంజన్లకు తాళం వేసింది. ఆ హెచ్చరిక ధనరాజుకు అందలేదు.

"వదినా, అన్నయ్య ఏ వైపు ఎల్లాడు?" అడిగాడు మరిది కాసులు.

నూకరత్నానికి తెలియదు. ఆమె అడగలేదు. గోపురానికి తెలుసు కదా అని ఆ ఊళ్లో ఎవరూ ఎవర్నీ అడగడం మానేసి చాలా కాలమైంది.

సంహిత విమానాన్ని పిలిచి చూసింది. అలాంటి పడవ ఏదీ లేదని దాన్ని నడిపే యంత్రం జవాబిచ్చింది. మళ్లీ పిలిచింది. అదే జవాబు. "నేను ముందే..." అనబోయి, నూకరత్నం మొహం చూసి ఆగిపోయింది.

అతని జాడ నా చేత్తో నేనే చెరిపేశాను అనుకుంది నూకరత్నం. తర్వాత తొట్టిలో నీళ్లు పారబోసి కొత్తనీళ్లు నింపింది.

"కాసులూ, నీ కార్బురేటర్ విప్పు."

"నూకరత్నం గారూ, గాలి ఇంకా తగ్గలేదు!" సంహిత అడ్డం వచ్చింది. "వీళ్లను కూడా కనబడకుండా చేస్తారా?"

"మీ విమానం రాదన్నారు. వీళ్లు ఎల్తామంటున్నారు. పక్కకు జరగండి."

సంహిత జరిగింది. కాసులు వెనక ఇంకొకడు, వాడి వెనక మరొకడు, విప్పిన కార్బురేటర్లు పట్టుకుని పాక ముందు నిలబడ్డారు. ఎవరు ఎటు వెతకాలో గట్టిగా అరుచుకుని పంచుకున్నారు. ఒకరి పడవ ఒకరికి కనబడేంత దూరంలోనే ఉండాలని ఒట్టు పెట్టుకున్నారు. గోపురంలోని తెర మీద పడవల చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

పొద్దు వాలేముందు ధనరాజు పడవకు తాడు కట్టి లాక్కొచ్చారు. వల ప్రొపెల్లర్‌కు చుట్టుకుపోతే లంగరు వేసి నీళ్లు తోడుకుంటూ కూర్చున్నాడట. మోచెయ్యి వాచిపోయింది.

"ఏ వైపు పోతున్నావో చెప్పి పోలేవా?" నూకరత్నం అతని చొక్కా పట్టుకుని ఊపేసింది.

"నువ్వడగలేదు కదే," అన్నాడతను. ఇద్దరికీ ఏడుపొచ్చింది.

మర్నాడు తెల్లవారుతుండగా గాలి సద్దుమణిగింది. కాసులు పాక దగ్గర ఆగి, "వదినా, నాను తూరుపు రాళ్ల కాడికి," అని చెప్పి వెళ్లాడు. అతని తర్వాత ఇంకొకడు వచ్చి తన దిక్కు చెప్పాడు. అలా పడవలన్నీ చెప్పే కదిలాయి.

ఎండ ఎక్కాక వయసుపూత తయారుచేసే కంపెనీ వాళ్లు, పడవలకు మళ్లీ పూసేందుకు పూత పీపాలతో, పిచికారీ గొట్టాలతో వ్యాన్లు దిగారు. ఒడ్డున కట్టు విప్పిన తాళ్లు, ఆరుతున్న వలలు తప్ప ఏమీ లేవు. వాళ్లలో పెద్ద అధికారి ఒకతను సంహిత వైపు చూశాడు. ఆమె సముద్రం వైపు చూస్తోంది. అతను పాకలోకి వచ్చాడు.

"పడవలన్నీ ఎక్కడున్నాయో నీకు తెలుసా?"

నూకరత్నం తొట్టిలోంచి బుట్ట పైకెత్తి, నీళ్లు కారిపోయేదాకా పట్టుకుంది.

"ఒక్కొక్కటీ తెలుసు," అంది. "చెప్పను."