మొలిచిన మాట

మా ఆయన దర్జీ. కత్తెర పట్టి పట్టి కుడి బొటనవేలు కాయ కాసిపోయింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా వాగుతూనే ఉండేవాడు. మింగేస్తావు, నోరు మూసుకోవయ్యా అని రోజూ తిట్టేదాన్ని. పక్షవాతం వచ్చి మాటా పడిపోయింది, కుడిచెయ్యీ పడిపోయింది. ఆ వాగుడు నాకెంత కావాలో అప్పుడు తెలిసింది.

మెదడులో చచ్చిన నరాల కణాలు మళ్ళీ మొలవవా అని డాక్టరమ్మని అడిగాను. చచ్చినవి తిరిగి రావు, ఏదో మూల కొత్తవి పుడతాయేమోనని కొందరంటారు, ఆశ వదలొద్దు అంది. నేనా వదిలేది! మధ్యాహ్నం మా కుట్టుకొట్టు మూసి ఆయన ఎడమచెయ్యి పట్టుకుని కూర్చునేదాన్ని. అవునంటే వేళ్ళు నొక్కేవాడు. మా కాపురం ఆ నొక్కుళ్ళతోనే నడిచింది.

ఓ వానరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. గది చీకటైంది. తడిగుడ్డల వాసన. కుట్టుమిషను చక్రం కదిలింది... కిర్రు... కిర్రు. చూస్తే పక్కనే కుర్చీలో ఉన్న మా ఆయన కుడిచెయ్యి దాని మీదుంది. ప్రాణం లేచొచ్చింది. ఏడుస్తూ దగ్గరకెళ్ళాను.

పెదాలు కదిలాయి.

"వదినా..."

నవ్వొచ్చింది. పిచ్చిమారాజు, వరసలు మర్చిపోయాడనుకున్నాను. గుమ్మంలో మా అత్తయ్య చేతిలోంచి గ్లాసు జారిపడింది. ఆవిడ మొహంలో నెత్తుటిచుక్క లేదు. మా ఆయన వెనకాలే ఇంకో మగపిల్లాడు పుట్టాడట. కవలలు. వాడు ఏడవకుండానే పోయాడట. ఆ సంగతి కొడుక్కి కూడా ఎన్నడూ చెప్పలేదట.

"మా ఆయనేడీ?" అన్నాను.

"లోపల ఇద్దరికి చోటు లేదు వదినా..."

డాక్టరమ్మ సంబరపడిపోయింది. మాట వచ్చింది, చెయ్యి వచ్చింది, వరసలదేముంది, మెల్లగా అవే సర్దుకుంటాయంది. ఇంకెవరికి చెప్పుకోను? మందులు ఆపమందామంటే, ఏ మందుకి మొలిచాడో ఎవరికి తెలుసు?

నిన్న మధ్యాహ్నం మళ్ళీ ఆ ఎడమచెయ్యి పట్టుకున్నాను.

"ఏమయ్యా... ఉన్నావా?"

వేళ్ళు నిమురుతూ కూర్చున్నాను. తర్వాత... నొక్కాడు. చాలా సన్నగా. ఉన్నాడు. మా ఆయన ఉన్నాడు!

అప్పుడు కుడిచెయ్యి మెల్లగా వచ్చింది. నన్ను పట్టుకున్న ఆ ఎడమచేతి వేళ్ళని ఒక్కొక్కటే విప్పేసింది. విప్పుతున్నప్పుడు దాని బొటనవేలు నాకు తగిలింది. కాయ లేదు. పసిబిడ్డ వేలులా మెత్తగా ఉంది.