కొరికిన రొట్టె

“ఎల్లుండి మధ్యాహ్నం పన్నెండు గంటలు. శిఖరం మీద రేకు డబ్బా. అందులో మైక్రోఫిల్మ్,” అన్నాడు కర్నల్ ఇస్కెందర్. “మన సరిహద్దు రాడార్ల మ్యాప్ మొత్తం. దాని కోసం శత్రువుల మనిషి అటువైపు నుంచి ఎక్కుతున్నాడు. నువ్వు ముందు చేరాలి. పనైతే రేడియోలో ‘టీ కాగింది’ అను.”

“చలికాలంలో ఆ కొండ ఒంటరిగా ఎక్కలేం సార్.”

“తాడు రెండో కొసన మన గూఢచారి జిపారా ఉంటుంది. ఈ కబురు తెచ్చిందీ ఆమే. అయినా నీకు ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరుగా ఎర్మెక్.”

ఎర్మెక్ నవ్వాడు. అనాథాశ్రమంలో పెరిగినవాడికి ఆ మాట కొత్త కాదు. అయినా ప్రతిసారీ చురుక్కుమంటుంది.

ఇద్దరూ వేటగాళ్ల వేషంలో కొండ కింది గుడిసె చేరారు. జిపారా అందం చూస్తే ఆ వేషాన్ని కొండమేకలు కూడా నమ్మవు. పొద్దున బయల్దేరేటప్పుడు గుడిసె చూసుకునే బూరుల్ అవ్వ చెరో రొట్టె ఇచ్చింది. అక్కడి ఆచారం ప్రకారం ప్రయాణం కట్టేవాళ్లు రొట్టె కొరికి వదిలి వెళ్లాలి, తిరిగొచ్చి మిగతాది తినాలి.

“నా రొట్టె ఎవరు దాస్తారవ్వా?”

“నేను లేనూ? కొరుకు నాయనా.”

ఎర్మెక్ కొరికాడు.

నాలుగడుగులు వేశాక జిపారా గ్లవ్స్ మరిచానంటూ గుడిసెలోకి పరిగెత్తి, మళ్లీ వచ్చింది.

పదకొండూ నలభైకి ఆకాశం నల్లబడింది. గాలి మనిషిని నిలబడనివ్వడం లేదు.

“దిగిపోదాం,” అన్నాడు ఎర్మెక్.

“నూట యాభై మీటర్లేగా!”

“కొండ ఎక్కడికీ పోదు.”

“మ్యాప్ పోతుంది.”

అదీ నిజమే. అతను తటపటాయించాడు. జిపారా కళ్లజోడు కోసం కోటులో చెయ్యి పెట్టింది. రొట్టె జారి మంచులో పడింది. దానిమీద పంటిగాటు.

కొరికిన రొట్టె వెంట తెచ్చుకున్న మనిషి తిరిగి వెళ్లే మనిషి కాదు.

“డబ్బాలో ఏమీ లేదు కదూ? ఫిల్మ్ నీ దగ్గరే ఉంది. నీకు కావలసింది సరిహద్దు దాటేదాకా తాడు పట్టేవాడు.”

ఆమె పిస్తోలు తీసింది. “ఆ రొట్టె అక్కడుంటే నా కాళ్లు వెనక్కి లాగేవి. నువ్వూ నాతో వచ్చెయ్. ఇక్కడ నీకెవరున్నారు?”

ముప్ఫై ఆరేళ్లలో ఎర్మెక్‌కి ఎవరూ లేరు.

“ఇవాళ ఒక రొట్టె ఉంది,” అన్నాడు. “కాల్చు. ఈ గాలిలో ఒక్కదానివే ఎక్కనూ లేవు, దిగనూ లేవు.”

ట్రిగ్గర్ మీద ఆమె వేలు బిగిసింది. సరిగ్గా పన్నెండుకి అవతలి వైపు ఆమె కోసం వచ్చినవాడి పచ్చటి సిగ్నల్ వెలుగు లేచి, ఎవరికీ అందకుండా పొగమంచులో ఆరిపోయింది. పిస్తోలు కిందికి దిగింది. ఆమె ఐస్‌గొడ్డలి పిడిలో ఫిల్మ్ దొరికింది.

ఇద్దరూ ఒకే తాడుకి కట్టుకుని కిందికి దిగారు.

గుడిసెలో అవ్వ తను దాచిన రొట్టె ఎర్మెక్ ముందు, అతను మంచులోంచి ఏరి తెచ్చినది జిపారా ముందు పెట్టింది. జిపారా ముట్టుకోలేదు. రేడియో గరగరలాడింది.

“టీ కాగిందా?”

“కాగింది సార్. శిఖరం మాత్రం ఎక్కలేదు.”

“ఎక్కకుండా ఎలా కాగిందయ్యా?”

“తర్వాత చెప్తా సార్,” అన్నాడు ఎర్మెక్. “నోట్లో రొట్టె ఉంది.”