ఎనిమిది స్క్రూలు

నిచ్చెన దిగుతూ కాలు జారి పడ్డాడని రిపోర్టులో రాశారు. రాసినవాడికి సిగ్గు లేదు.

ఇరవై ఆరేళ్ళు బిల్డింగుల నెత్తిన ఏసీ యూనిట్లు బాగుచేసిన మనిషి. వర్షంలో, ఈదురుగాలిలో, భుజాన కంప్రెసర్ పెట్టుకుని నిచ్చెనలు ఎక్కిన మనిషి. అలాంటివాడు పొడి ఎండలో, పట్టపగలు, ఖాళీ చేతులతో దిగుతూ కాలు జారి పడ్డాడట. ఆ కాగితాన్ని స్పానర్ మూడుసార్లు చదివాడు.

స్పానర్ అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. పదకొండేళ్ళుగా అతను సీక్రెట్ ఏజెంట్. అంతకుముందు ఆరేళ్ళు అన్నయ్య వెనకాల టూల్ బ్యాగ్ మోసిన ఏసీ మెకానిక్. రిపోర్టులో ఉన్న శవం ఆ అన్నయ్యదే.

"ఐదు వారాల తర్వాత ఇది నాకెందుకు చూపిస్తున్నారు?"

చీఫ్ కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. చెప్పడానికి నోరు రాని మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆయన చేసే పని అదే.

"మీ అన్న మాకు పనిచేశాడు."

స్పానర్ రిపోర్టు మడిచి టేబుల్ మీద పెట్టాడు.

"ఏజెంటుగా కాదు. ఇన్‌ఫార్మర్‌గా. కన్వెన్షన్ సెంటర్ రూఫ్ మీద ఏసీ సర్వీసు కాంట్రాక్టు అతనికి వచ్చింది. ఒక విదేశీ ముఠా ఆ బిల్డింగ్ మీద కన్నేసిందని మాకు అప్పటికే సమాచారం ఉంది. కాస్త కళ్ళు తెరిచి పనిచేసుకోమన్నాం. అంతే."

"నాకు చెప్పకుండా."

"చెప్తే నువ్వు ఒప్పుకోవు."

"అంటే తెలిసే చేశారు."

చీఫ్ ఫైల్ తెరిచాడు.

"టైం లేదు. విను. ఈ రోజు పదకొండింటికి రెండు దేశాల మధ్య నదీ జలాల ఒప్పందం. నలభై ఇద్దరు డెలిగేట్లు. ఉదయం ముఠా మెసేజ్ ఒకటి పట్టుకున్నాం. 'పదకొండింటికి చల్లగాలి.' మా అంచనా ప్రకారం ఏసీ యూనిట్‌లో విషవాయువు సిలిండర్ దాచారు. పైన పద్నాలుగు యూనిట్లున్నాయి. ఎందులోనో తెలీదు. ఏసీ గురించి తెలిసిన ఏజెంటు నువ్వొక్కడివే."

గోడ గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది.

"హాలు ఖాళీ చేయించండి."

"ఖాళీ చేయిస్తే సంతకాలుండవు. వాళ్ళకి కావలసిందీ అదే. పైనుంచి ఆర్డర్."

"మా వదిన ఆ హాల్లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. మీకు తెలుసా?"

"తెలుసు. ఆవిడకి చెప్పడానికి వీల్లేదు."

స్పానర్ లేచి నిలబడ్డాడు. ఆ టేబుల్‌ని ఎత్తి ఆయన మీద పడెయ్యాలనిపించింది. పడెయ్యలేదు. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి మిగిలి ఉంది.

"తేడాగా ఏదైనా కనబడితే ఎవరికి చెప్పమన్నారు మా అన్నయ్యని?"

"మన మనిషికే. అక్కడి ఫెసిలిటీ మేనేజర్. కోడ్‌నేమ్ వెన్నెల. ఏడేళ్ళ సర్వీసు. మీ అన్న తనకేమీ చెప్పకుండానే పోయాడని ఆమె రిపోర్ట్."

బయటికి వస్తుంటే టెక్నికల్ వింగ్ ఇన్‌ఛార్జ్ ఎదురొచ్చి ఒక మల్టీమీటర్ చేతిలో పెట్టాడు. అందులో కెమెరా ఉంది, ట్రాన్స్‌మిటర్ ఉంది, మీట నొక్కితే కళ్ళు మండించే పొగ కూడా వస్తుంది.

"ఓల్టేజ్ చూపిస్తుందా?"

"అదొక్కటీ తీసేశాం. చోటు చాల్లేదు."

స్పానర్ దాన్ని అక్కడే బల్ల మీద పెట్టి, చెవిలో ఇయర్‌పీస్ మాత్రం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మారువేషానికి గడ్డాలూ మీసాలూ అక్కర్లేకపోయింది. కారు డిక్కీలో అన్నయ్య పని చొక్కా ఉంది. గ్రీజు మరకలు, మోచేతి దగ్గర మాసిక. పోలీసులు తిరిగిచ్చిన సామానుతో పాటు దాన్ని వదినే అతనికిచ్చింది. జేబులో చిన్న ప్లాస్టిక్ కవరు, కవర్లో ఎనిమిది స్క్రూలు. ఆ రోజు అన్నయ్య జేబులో దొరికినవి అవే.

"ఇరవై రెండేళ్ళ కాపురంలో నన్ను సాధించింది ఇవే చిన్నోడా," అంది వదిన ఆ రోజు. "ఇప్పుడు పారేద్దామంటే చేతులు రావట్లేదు. నీ దగ్గరుంచు."

ఏసీ యూనిట్ పానెల్‌కి పన్నెండు స్క్రూలుంటాయి. కంపెనీవాడు లెక్కపెట్టి బిగించి పంపిస్తాడు. నడినెత్తిన ఎండ మాడ్చేస్తుంటే పన్నెండూ విప్పి, లోపల ఫిల్టర్ మార్చి, కాయిల్ కడిగి, మళ్ళీ పన్నెండూ బిగించే మెకానిక్ ఇంకా పుట్టలేదు. అన్నయ్య నాలుగు మూలలకీ నాలుగు పెట్టేవాడు. మిగతా ఎనిమిదీ జేబులోకి. జేబులోంచి వాషింగ్ మెషీన్‌లోకి. రెండు మెషీన్లు పాడయ్యాయి. స్పానర్ కూడా ఈ విషయంలో అన్నయ్యతో బోలెడుసార్లు దెబ్బలాడాడు. "నాలుగు చాల్రా, పానెల్ ఎక్కడికీ పోదు," అనేవాడు అన్నయ్య. నిజమే. ఏ పానెలూ ఎక్కడికీ పోలేదు.

కన్వెన్షన్ సెంటర్ మూడో అంతస్తు మెట్ల దగ్గర వదిన ఎదురైంది. చేతిలో గ్లాసుల ట్రే. అతన్ని చూసి, అతని చొక్కా చూసి, ఆగిపోయింది. అతను నీటిపన్ను ఆఫీసులో గుమాస్తా అని ఆమె నమ్మకం.

"అన్నయ్య కాంట్రాక్టులో కాస్త పని మిగిలిపోయింది వదినా. సెలవు పెట్టి వచ్చా."

"మంచిపని చేశావు."

"నువ్వు ఇంటికెళ్ళు. తలనొప్పని చెప్పి వెళ్ళిపో."

"ఇవాళా? నలభై మంది పెద్దమనుషులు వస్తుంటే? బావుంది నీ వరస." ట్రే సర్దుకుంటూ హాల్లోకి వెళ్ళిపోయింది.

చెయ్యి పట్టుకుని లాక్కుపోవచ్చు. ఆర్డర్ ఉంది. ఆర్డరిచ్చినవాణ్ణి, ఆర్డర్ వింటున్న తననీ కలిపి తిట్టుకుంటూ స్పానర్ రూఫ్ మీదికి ఎక్కాడు.

పదీ ఇరవై అయిదు. రూఫ్ పెనంలా కాలుతోంది. రెండు వరసల్లో పద్నాలుగు యూనిట్లు, ఒక్కోటీ చిన్న వ్యానంత. నల్లకళ్ళద్దాలు, హైహీల్స్, గాలికి ఎగిరే వంకాయరంగు స్కార్ఫ్. నీడలో ఒకామె నిలబడి ఉంది. అలాంటి మనిషిని అలాంటి చోట చూస్తే ఎవరికైనా చేతిలో స్పానర్ జారిపోతుంది.

"ఫిల్టర్ మార్చాలా?" అడిగాడు.

"కాయిల్ కూడా కడగాలి," అంది ఆమె.

కోడ్ సరిపోయింది.

"తొమ్మిదో నంబరు," అంది వెన్నెల. "నిన్న సాయంత్రం ఎవరో దాని దగ్గర తచ్చాడారని గార్డు చెప్పాడు. మీటర్లవీ తగిలించుకోండి. ఆ మూల గార్డు చూస్తున్నాడు, మెకానిక్‌లా కనబడాలి."

తనకి మెకానిక్‌లా కనబడటం నేర్పుతోంది. స్పానర్ పళ్ళు బిగించి తొమ్మిదో యూనిట్ పైపులకి ప్రెషర్ గేజ్ తగిలించాడు. యూనిట్ నడుస్తూనే ఉంది. గేజ్ ముల్లు పైకి లేచింది. లోపల కూలింగ్ గ్యాస్ ద్రవంగా, మంచి ఒత్తిడి మీద ఉంది. గేజ్‌కున్న మూడు రబ్బరు గొట్టాల్లో నడిమి హోస్ కొస వదులుగా కింద పడి ఉంది.

మూలకొకటి చొప్పున నాలుగు స్క్రూలు. విప్పాడు. లోపల టేపుతో అంటించిన పెట్టె, వైర్లు, గడియారం. ఒక్కో వైరూ చూసుకుంటూ, పెట్టె విప్పడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. చెమట కళ్ళలోకి దిగింది. మూత తీస్తే లోపల ఇసుక.

"ఇది ఉత్తదే," అన్నాడు. "మన టైం తినడానికి పెట్టారు."

పదీ నలభై అయిదు. వంగి లేస్తుంటే జేబులో స్క్రూలు గలగలమన్నాయి.

ఎనిమిది.

అతను తల తిప్పి వరసలన్నీ చూశాడు. ఒకటి, నాలుగు స్క్రూలు. రెండు, నాలుగు. అన్నయ్య చెయ్యి పడిన పానెళ్ళు. పదమూడు దాకా అంతే. చివర పద్నాలుగోదాని అంచు వెంబడి కొత్త స్క్రూ తలలు ఎండలో తళతళలాడుతున్నాయి. పన్నెండూ ఉన్నాయి.

అంతా అర్థమైపోయింది. ఆ రోజు అన్నయ్య ఆఖరి యూనిట్ ఒక్కటే విప్పాడు. సిలిండర్ చూశాడు. నాలుగు బిగించి, ఎనిమిది జేబులో వేసుకుని, చెప్పమన్నవాళ్ళకి చెప్పడానికి వెళ్ళాడు. తర్వాత వచ్చిన ముఠావాళ్ళు పానెల్‌కి స్క్రూలు తక్కువయ్యాయే, విషం బయటికి కారిపోతుందేమో అని కంగారుపడి, పన్నెండు కొత్తవి తెచ్చి శుభ్రంగా బిగించి పోయారు. పుస్తకం చదివి పని నేర్చుకున్న వెధవలు.

చెప్పమన్నవాళ్ళకి చెప్పాడు. అంటే...

"మా అన్నయ్య నీకేమీ చెప్పలేదన్నావు."

వెన్నెల నల్లకళ్ళద్దాలు తీసింది. మూలనున్న గార్డు ఎప్పుడో కిందికి దిగిపోయాడు. ఆమె రెండో చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

"చెప్పాడు. చాలా మర్యాదస్తుడు. 'ఇంకెవరికీ చెప్పలేదు మేడమ్' అని కూడా అన్నాడు. నిచ్చెన నేనే పట్టుకుంటానంటే వద్దని మొహమాటపడ్డాడు."

చీఫ్ ఇయర్‌పీస్‌లో ఇదంతా వింటూ ఉండాలి. వినాలి. ప్రతి ముక్కా వినాలి.

"ఏడేళ్ళు మీ ఉప్పు తిన్నాను, వాళ్ళ జీతం తీసుకున్నాను," అంది ఆమె. "చేతులెత్తు."

అతను ఎత్తాడు. ఎడమ చెయ్యి ఖాళీగా. గ్లోవ్ ఉన్న కుడి చేతిలో, మాటల మధ్య అందుకున్న నడిమి హోస్ కొస. కాలితో గేజ్ వాల్వ్‌ని తన్నాడు.

బుస్సుమని తెల్లటి పొగతో ద్రవం ఎగజిమ్మి ఆమె మణికట్టుని తాకింది. ఆ ద్రవం ఎంత చల్లనంటే నిప్పులా కాలుస్తుంది. మెకానిక్ అన్నవాడు చేతికి గ్లోవ్ లేకుండా దాని జోలికి పోడు. పిస్టల్ జారింది. ఆమె ముందుకి తూలేసరికి హీల్ విరిగి బోర్లాపడింది. ఆమె చేతులు రెండూ వెనక్కి విరిచి వైర్లు కట్టే కేబుల్ టైలతో పైపుకి కట్టేశాడు. రెండు టైలు చాలు. కోపం చల్లారక నాలుగు బిగించాడు.

పదీ యాభై. పద్నాలుగో యూనిట్.

పన్నెండు స్క్రూలు. నాలుగే ఉంటే ఒక్క నిమిషం పని. ఒక్కోటీ విప్పుతూ ఒక్కో తిట్టు తిట్టాడు. పన్నెండోది ఊడేసరికి పదీ యాభై ఆరు.

హాల్లోకి గాలి తోసే బ్లోయర్ పక్కన సిలిండర్. దాని నుంచి రెండు వైర్లు. ఒకటి కరెంటు తీగకి. రెండోది బ్లోయర్ ముందున్న పల్చటి రేకు మీటకి. గాలి కొడితే రేకు కదులుతుంది, సిలిండర్ తెరుచుకుంటుంది.

"స్పానర్," చెవిలో చీఫ్ గొంతు. "కరెంటు రూమ్‌లో మన మనిషి ఉన్నాడు. మెయిన్ ఆపేయిస్తున్నాను."

"ముట్టుకోకండి." గొంతు చించుకుని అరిచాడు. "కరెంటు పోయినా ఇది తెరుచుకుంటుంది. రిలే స్విచ్ అలా పెట్టారు. గాలి కంటే బరువైన విషం, డక్ట్ గొట్టంలోంచి సరాసరి హాల్లోకే దిగుతుంది. మీరిచ్చిన సలహాలు చాలు. చెయ్యి తియ్యమనండి."

స్పానర్ రేకు మీట మీదే కళ్ళు పెట్టాడు.

"తీశాడు," అంది చీఫ్ గొంతు, బాగా చిన్నగా.

కరెంటు పోకూడదు. గాలి రాకూడదు. ఇప్పటిదాకా ఆగి ఉన్న ఈ యూనిట్ మోటార్‌ని పదకొండింటికి టైమర్ తిప్పుతుంది. మోటార్ తిరగాలి, బ్లోయర్ తిరగకూడదు. రెండింటినీ కలిపేది ఒక్కటే. బెల్ట్.

కరెంటున్న యూనిట్‌లో బెల్ట్ మీద చెయ్యి వెయ్యొద్దని అన్నయ్య మొదటి రోజే చెప్పాడు. చెప్పి, సగం వేలు లేని తన ఎడమ చెయ్యి చూపించాడు. స్పానర్ కత్తి తీసి చెయ్యి లోపల పెట్టాడు. రబ్బరు తెగింది. లోపలి నూలు తెగనంటోంది. పదీ యాభై ఎనిమిది. రంపంలా కోశాడు. పదీ యాభై తొమ్మిది. కింద హాల్లో ఎవరో మైకు సరిచేస్తున్న చప్పుడు డక్ట్‌లోంచి వినబడుతోంది. "నీళ్ళ గ్లాసులు ఇటు పెట్టండమ్మా," అంటోంది వదిన గొంతు.

టైమర్ టక్‌మంది. మోటార్ గర్జించింది. ఆఖరి నూలుపోగు తెగి, బెల్ట్ పాములా ఎగిరి అతని మణికట్టు మీద వాత పెట్టింది. మోటార్ ఉత్తినే తిరుగుతోంది. బ్లోయర్ కదల్లేదు. రేకు మీట కదల్లేదు.

చాలాసేపటికి గానీ అతను చెయ్యి బయటికి తీయలేదు. వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. ఐదూ ఉన్నాయి.

పన్నెండింటికి బాంబు స్క్వాడ్ సిలిండర్ దించుకుపోయింది. వెన్నెలని కూడా. ఇయర్‌పీస్‌లో చీఫ్ మళ్ళీ వచ్చాడు.

"శభాష్. సంతకాలయ్యాయి. వేదిక వైపు గాలి లేక డెలిగేట్లు చెమటలు కక్కుతున్నారనుకో. ఏసీ ఎప్పుడొస్తుంది?"

"కొత్త బెల్ట్ కావాలి. మీరే కొని, మీరే మోసుకుని, నిచ్చెనెక్కి రండి. నిచ్చెన నేను పట్టుకుంటాను."

చీఫ్ లైన్ కట్ చేశాడు.

కొత్త స్క్రూలు పన్నెండూ సాక్ష్యం కింద కవర్లోకి వెళ్ళాయి. స్పానర్ జేబులోంచి అన్నయ్య స్క్రూలు తీసి, పానెల్ నాలుగు మూలలకీ నాలుగు బిగించాడు. మిగతా నాలుగూ మళ్ళీ జేబులో వేసుకున్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది. ఆ వేడిలో, ఆ చప్పుడులో, యూనిట్‌కి ఆనుకుని కూర్చుని ఏడ్చాడు.

ఫోన్ మోగింది. వదిన.

"పైనే ఉన్నావా చిన్నోడా? కింద ఉడికిపోయాం. మీ అన్నయ్య ఉంటేనా, ఐదు నిమిషాల్లో బాగుచేసేవారు."

"అవును వదినా."

అటు గ్లాసులు సర్దుతున్న చప్పుడు.

"పొద్దున మెట్ల దగ్గర ఆ చొక్కా చూసి ఒక్క క్షణం ఆయనే అనుకున్నాను," అంది. "సాయంత్రం ఇంటికొచ్చి ఇచ్చిపో, ఉతికిస్తాను. జేబులు మాత్రం చూసివ్వు."

స్పానర్ జేబు తడుముకున్నాడు.

"జేబులో ఏమీ లేవు వదినా."

పదకొండేళ్ళుగా అతను ఆడిన అబద్ధాలన్నీ నమ్మిన మనిషి, ఆ ఒక్కటీ నమ్మలేదు.