ఎకువా వెనకగదిలో ఫ్రీజర్

సాల్ట్‌పాండ్‌లో సముద్రం వైపు దిగే వీధిలో, చేపలమ్ముకునే ఎకువా అనే ఆమె ఇంటి వెనకగదికి మంచి పేరు లేదు. ఒకప్పుడు చేపలు కడిగి, పొగబెట్టిన గది అది. లోపలికి వెళ్లినవాణ్ని ఒక పట్టాన వదలదంటారు. ఎందుకయ్యా అంటే నోటికో కథ చెబుతారు. మునిగిపోయిన జాలరి ఒకడు ఒళ్లంతా నీళ్లు కారుతూ మూల నిలబడతాడని ఒకరు... గోడలో ఎవరినో పెట్టి కట్టారని ఇంకొకరు. అసలు సంగతి తెలిసిన పెద్దవాళ్లు మాత్రం పెదవి విప్పరు.

మాన్కెసిమ్ నుంచి వచ్చిన ఫ్రీజర్ మేస్త్రీకి ఈ కబుర్లేవీ చెవికెక్కలేదు. ముప్పై ఏళ్లవాడు, పనిమంతుడు, నోరు కాస్త ఎక్కువ. దెయ్యాలంటే వాడికి నవ్వు. ఇరుకు చోటంటే మాత్రం ప్రాణం పోతుంది, అది పైకి చెప్పుకోడు.

ఆ రోజు శుక్రవారం. పొద్దున్నే ఎకువా ఇంటికి నిలువు ఫ్రీజర్ వచ్చింది, మనిషంత ఎత్తుది. మోటారు తిరుగుతోంది గానీ లోపల చల్లదనమే లేదు. గది ఒప్పుకోవడం లేదని మధ్యాహ్నానికల్లా వీధంతా అనేసింది. పాపం ఎకువాకి పొగ పడక పొయ్యి మానేసి ఏడాదైంది. ఈ పెట్టె పనిచేస్తేనే చేపల బేరం, లేకపోతే కూతురి పంచన చేరడం.

మధ్యాహ్నం కబురందుకుని వచ్చిన మేస్త్రీ, దీన్ని ఎలా తెచ్చారని అడిగాడు. మూడు చక్రాల బండిలో పడుకోబెట్టి తెచ్చారట, దించీ దించగానే ప్లగ్ పెట్టారట. వాడు తల కొట్టుకున్నాడు. పడుకోబెడితే కంప్రెసర్‌లో ఉండాల్సిన నూనె గొట్టాల్లోకి పాకుతుంది, అది మళ్లీ కిందికి దిగేదాకా నిలబెట్టి ఊరుకోవాలి. పైగా గోడకి ఆనించేశారు, వేడి పోయే దారే లేదు. ప్లగ్ పీకి, జానెడు ముందుకి జరిపి, సాయంత్రం ఐదింటిదాకా దాని జోలికి వెళ్లొద్దన్నాడు. ఈలోగా ఎకువా పెట్టిన కెంకీ అనే మొక్కజొన్న ముద్ద, వేయించిన చేప తిని కునుకు తీశాడు.

ఐదింటికి మళ్లీ ప్లగ్ పెట్టాడు. ఆరయ్యేసరికి లోపలి గోడలు చల్లబడ్డాయి. ఎకువా చేయి పెట్టి చూసి, తలుపు మూసి, నమ్మకం కుదరక వెంటనే మళ్లీ లాగింది.

రాలేదు. రెండు చేతులతో లాగింది... రాలేదు. చేతులు వదిలేసి వెనక్కి తగ్గింది.

"మేస్త్రీ, లోపలినుంచి ఎవరో పట్టుకున్నారు."

మేస్త్రీ పడీపడీ నవ్వాడు. లోపలికి పోయిన వేడిగాలి చల్లబడి కుంచించుకుపోతుంది, అదే తలుపుని లోపలికి లాక్కుంటుంది, రెండు నిమిషాలు ఓపిక పట్టమన్నాడు. పట్టింది. తలుపు దానంతటదే లొంగింది. ఎకువా మాత్రం నవ్వలేదు. ప్రార్థనకి తయారవ్వాలంటూ ముందు గదిలోకి వెళ్లిపోయింది.

ఇంక మిగిలింది ఫ్రీజర్‌ని సమంగా నిలబెట్టడం. చేపలు కడిగిన నీళ్లు పోవడానికి ఆ గది నేల తలుపు వైపు వాలుగా ఉంది, గడప దగ్గర తూము ఉంది. మేస్త్రీ ముందు కాళ్ల మరలు పూర్తిగా పైకి తిప్పేసి, బరువు అడుగునున్న చక్రాల మీదికి తెచ్చి, వాటికి చెక్కముక్క అడ్డం పెట్టి, వెనక ఊడవడానికి ఫ్రీజర్ వెనక్కి దూరాడు.

అప్పుడు కరెంటు పోయింది.

కటిక చీకటి. దొంగల భయానికి ఆ గది కిటికీ ఎప్పుడో ఇటుకలతో మూసేశారు. మేస్త్రీ తడుముకుంటూ అడుగు వేశాడు... కాలు చెక్కముక్కకి తగిలింది. ఫ్రీజర్ కదిలింది. మెల్లగా... ఇంకాస్త వేగంగా... ధన్!

గది ఇనుప తలుపు మూసుకుపోయింది. ఆ తలుపు లోపలికి తెరుచుకునే రకం. ఫ్రీజర్ ముందు కాలు ఒకటి తూములో దిగబడి, బరువంతా తలుపు మీదికి ఒరిగింది. వాడు తోశాడు, లాగాడు, భుజం పెట్టి ఎత్తబోయాడు. అది ఇంచు కదిలితే ఒట్టు.

ఫోను ముందు గదిలో ఛార్జింగ్‌లో ఉంది. కేక వేశాడు. అదే సమయానికి పక్క వీధి చర్చిలో జనరేటరు అందుకుంది, డప్పులు మొదలయ్యాయి. వాడి కేక వాడికే వినపడలేదు. అరిచి అరిచి గొంతు పోయింది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. గాలి తక్కువవుతోందని అనిపించింది... అనిపించడం మొదలయ్యాక ఇంక ఊపిరే ఆడలేదు. పెట్టెలో పెట్టి మూత వేసినట్టే ఉంది. వాడికి ఏడుపొచ్చింది.

ఉన్నట్టుండి డప్పులు ఆగాయి. మౌన ప్రార్థన కాబోలు. ఆ నిశ్శబ్దంలో... పెరట్లోంచి...

"యోఫీ..."

అది వాడి పేరే. ఆ ఊళ్లలో శుక్రవారం పుట్టిన మగపిల్లాణ్ని యోఫీ అనే పిలుస్తారు. కానీ ఈ ఇంట్లో వాడు ఎవరికీ పేరు చెప్పలేదు. వచ్చినప్పటినుంచీ ఎకువా పిలిచింది మేస్త్రీ అనే.

పొద్దుగూకాక, మనిషి కనపడకుండా పేరు వినపడితే అక్కడ ఎవరూ పలకరు. పలికితే వెంట వెళ్లినట్టే. దెయ్యాలంటే నవ్వే మేస్త్రీ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"యోఫీ..." ఈసారి దగ్గరగా.

అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. మూడోసారి పిలిచింది ఆ గొంతు, ఎంతో మెత్తగా, ఎంతో ఆశగా. వాడి వీపు ఫ్రీజర్‌కి ఆనుకుని ఉంది. దాని లోపల ఏదో గుళగుళమంది. మోటారు ఆగాక గొట్టాల్లో గ్యాసు అలాగే చప్పుడు చేస్తుంది, వాడికి తెలుసు. అయితే మోటారు ఆగి అరగంట దాటింది.

తర్వాత ఏ అలికిడీ లేదు. వచ్చిన అడుగులు వెనక్కి వెళ్లిన చప్పుడూ లేదు. అంటే... తలుపవతలే ఉంది. ఇప్పుడు కేక వేస్తే దానికి పలికినట్టే. వెయ్యకపోతే ఇందులోనే తెల్లారిపోవాలి. తెల్లారేదాకా తను ఉంటాడన్న నమ్మకం వాడికి లేదు.

చివరికి ఇరుకంటే ఉన్న భయమే గెలిచింది. జేబులో పానా ఉంది. గోడకీ ఫ్రీజర్‌కీ మధ్య ఉన్న సందులోకి పక్కవాటంగా దూరాడు. ఛాతీ నలిగింది, బుగ్గ గోడకి గీరుకుంది. నేల మీదికి జారి, చేయి చాచి, తూములో వేలాడుతున్న కాలి మర దొరకబుచ్చుకున్నాడు. ఒక్కో చుట్టు, ఒక్కో చుట్టు... కాలు సాగి తూము అడుగుకి తగిలింది. ఇంకా తిప్పాడు. ఫ్రీజర్ వెంట్రుకవాసి చొప్పున పైకి లేచింది. కింద ఏర్పడ్డ సందులో చెక్క దూర్చి, ఫ్రీజర్‌ని ఒక్క తోపు వెనక్కి తోసి, తలుపు లాగాడు. తలుపు జానెడు తెరుచుకుంది. ఆ జానెడులోంచి ఎలా బయటపడ్డాడో ఇప్పటికీ చెప్పలేడు.

పెరట్లో, తలుపు పక్కనే, ముక్కాలి పీట మీద ఎకువా కూర్చుని ఉంది. చర్చి బట్టల్లోనే ఉంది. మేస్త్రీని చూసి అదిరిపడింది.

"నువ్వు లోపల ఉన్నావా? తినడానికి వెళ్లావనుకున్నా."

మేస్త్రీకి ఒళ్లు మండింది. తలుపు దాకా వచ్చి మూడుసార్లు పిలిచి, తెరవకుండా కూర్చోవడమేమిటి, పెద్దమ్మా, అని అరిచాడు. తన పేరు ఎవరు చెప్పారని కూడా అడిగాడు.

"నీ పేరు యోఫీయా?" అంది ఎకువా నెమ్మదిగా. "నేను పిలిచింది నిన్ను కాదు, మేస్త్రీ."

అప్పుడు చెప్పింది. పదకొండేళ్ల కిందట ఆ గదిలో ఒక పాత ఫ్రీజర్ ఉండేది, బయటినుంచి గడియ పడే రకం. దాగుడుమూతలాడుతూ కొడుకు యోఫీ అందులో దాక్కున్నాడు. ఏడేళ్లవాడు. ఆమె అన్నానికని పెరట్లోంచి మూడుసార్లు పిలిచింది. పలకలేదు. వీధిలో ఉన్నాడేమోనని అటు వెళ్లి వెతికింది, తిరిగొచ్చి ఫ్రీజర్ తెరిచేసరికి ఆలస్యమైపోయింది. ఆనాటినుంచీ ప్రతి శుక్రవారం, ఆ వేళకి, వచ్చి మూడుసార్లు పిలుస్తుంది.

"పదకొండేళ్లలో ఇవాళే పలికాడు. మూడోసారికి... వస్తున్నానమ్మా అన్నాడు. అందుకే ఇక్కడ కూర్చుండిపోయా. తలుపు తెరిస్తే లేకుండా పోతాడేమోనని తెరవలేదు."

మేస్త్రీ అడ్డంగా తలూపాడు.

"నేను పలకలేదు పెద్దమ్మా. ఒట్టు. నోరు మూసుకునే కూర్చున్నా."

"నాకు తెలుసు, నాయనా," అంది ఎకువా. "నీది పెద్దవాళ్ల గొంతు."